'వ్యక్తి' అంటే ఎవరు? – న్యాయవాద వృత్తిలో స్త్రీ, మన సాహిత్యంలో స్త్రీ

తొమ్మిదో తరగతికి వ్యాకరణం చెప్పే తెలుగు ఉపాధ్యాయుడికి ఏడాదికొకసారి తప్పని ఇరకాటం ఒకటుంది. మహత్తు, అమహత్తు అనే విభజన దగ్గరికి రాగానే తరగతిలో ఆడపిల్లలు పుస్తకంలోంచి తలెత్తి చూస్తారు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి చేసిన విభజన ప్రకారం స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ పోగా మిగిలినవి మహత్తులు. అంచేత అతడు 'వచ్చాడు'. ఆమె మాత్రం 'వచ్చింది' – ఆవు వచ్చినట్టు, బండి వచ్చినట్టు. బహువచనంలో మాత్రం స్త్రీలకు కూడా మహత్తుల రూపమే: 'వాళ్ళు వచ్చారు'. కొన్నేళ్ళ కిందట ఒక పిల్ల లేచి, "అయితే మాస్టారూ, ఒక్కతే వస్తే బండితో సమానం, నలుగురు కలిసి వస్తేనే మనుషులా?" అనడిగింది. వ్యాకరణకర్త శాసించడు, ఉన్నదాన్ని నమోదు చేస్తాడని చెప్పాను. తమిళంలోనూ కన్నడంలోనూ ఇలా లేదనీ, 'గారు' చేరిస్తే మన భాషలో కూడా ఒక్క స్త్రీ 'వస్తారు' అనీ చెప్పి, గంట కొట్టేదాకా లాక్కొచ్చాను. ఆ ప్రశ్న మాత్రం నాతో ఇంటికొచ్చింది.

ఆ పిల్ల తర్వాత లా చదివింది. ఆమె సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు, ఇదే ప్రశ్నను ఒక హైకోర్టు ఎలా ఎదుర్కొన్నదో చూద్దాం.

1916లో కలకత్తా హైకోర్టు ముందుకు రెజీనా గుహ అనే పట్టభద్రురాలి దరఖాస్తు వచ్చింది. ఎం.ఏ., బి.ఎల్. చదివిన ఆమె ఆలీపూరు జిల్లా కోర్టులో ప్లీడరుగా చేరదలచుకుంది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం అర్హతలన్నీ ఉన్న 'వ్యక్తి'ని ప్లీడరుగా చేర్చుకోవచ్చునన్నది. కాగా 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం పుంలింగంలో చెప్పిన మాట స్త్రీకి కూడా వర్తిస్తుందని స్పష్టంగా అన్నది. ఈ రెండూ కలిపి చదివితే వ్యవహారం అక్కడితో ముగిసిపోవాలి. కాని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, చట్టం చేసిననాడు శాసనకర్తల మనస్సులో స్త్రీ లేదు గనక 'వ్యక్తి' అన్న మాటలో స్త్రీ లేదని తేల్చింది. సాహిత్య విద్యార్థులు ఈ తీర్పును తప్పకుండా గమనించాలి. ఒక పదానికి అర్థం నిర్ణయించడంలో నిఘంటువు చాలలేదు, శాసనం చాలలేదు. ఆ పదాన్ని వాడిన వర్గం తన అలవాటును చట్టం మీద పెట్టి, అదే అర్థమన్నది. శిక్ష పడవలసి వచ్చినప్పుడు ఇదే 'వ్యక్తి'లో స్త్రీ ఎప్పుడూ ఉన్నది. నేరం చేసిన వ్యక్తిగా, పన్ను కట్టవలసిన వ్యక్తిగా ఆమెను చట్టం ఏనాడూ మరిచిపోలేదు. హక్కు దగ్గరికొచ్చేసరికే వ్యాకరణం గుర్తొచ్చింది.

తర్వాత పాట్నాలో సుధాంశుబాల హజ్రా అడిగితే అక్కడి హైకోర్టు కూడా కలకత్తా బాటనే నడిచింది. అలహాబాదు హైకోర్టు మాత్రం 1921లో కొర్నీలియా సొరాబ్జీని వకీలుగా చేర్చుకున్నది. సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష రాసిన మనిషి. ఆ విశ్వవిద్యాలయం ఆమె చేతికి పట్టా ఇచ్చింది 1922లో! రాసిన పరీక్షకు పట్టా కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన విద్యార్థి మగవాళ్ళలో ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. చివరికి 1923లో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. ఆ చట్టపు వాక్య నిర్మాణం చూడండి. స్త్రీ అర్హురాలు అని అది అనలేదు. స్త్రీ అయినంత మాత్రాన అనర్హురాలు కాదు అన్నది. రెండు 'కాదు'ల మధ్యనుంచి వకీళ్ళ గదిలోకి అడుగుపెట్టింది మన స్త్రీ. ఆ తర్వాతి వందేళ్ళ చరిత్ర ఆ వాక్యంలోనే ఉందని నాకనిపిస్తుంది. తలుపు తీశారు, కుర్చీ వెయ్యలేదు.

సరిగ్గా ఆ 1892లోనే, సొరాబ్జీ పరీక్ష రాసిన ఏడే, విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ప్రదర్శించారు. గురజాడ ఆ నాటకంలో కచేరీలనూ వకీళ్ళనూ ఎంత ఎగతాళిగా చూపించాడో మనకందరికీ తెలుసు. పై ఎత్తులు వేసే వకీళ్ళున్నారు, సాక్ష్యాలు కొనేవాళ్ళున్నారు, ధర్మాత్ముడైన సౌజన్యారావు పంతులున్నాడు. కాని లుబ్ధావధాన్ల మీద పడిన హత్యానేరం వీగిపోవడానికి అసలు పని ఎవరు చేశారు? నిజం ఎవరి దగ్గరుంది, ఎవరి నోటినుంచి ఎట్లా రాబట్టాలి, ఎదుటివాడికి ఏమిచ్చి ఏం పుచ్చుకోవాలి అన్న లెక్క వేసుకుని, సౌజన్యారావు ఇంటికి వెళ్ళి ఒప్పించినది మధురవాణి. వకీలు చెయ్యవలసిన పనంతా ఆమే చేసింది. అయితే మగవేషం వేసుకుని చేసింది! సౌజన్యారావు వేశ్యల ముఖం చూడడు గనక ఆ వేషం అవసరమైందని నాటకంలో కారణముంది. ఆ కారణం పక్కన మరొక కారణం కూడా మనం చదువుకోవచ్చు. 1909లో రెండో కూర్పు వచ్చేనాటికి కూడా ఈ దేశంలో ఏ కోర్టులోనూ ఆడదానికి ఆడవేషంలో వాదించే హక్కు లేదు. షేక్‌స్పియర్ పోర్షియా కూడా మగవేషంలోనే వాదించి గెలిచింది కదా అని ఇంగ్లీషు చదివినవాళ్ళు అంటారు. నిజమే. అయితే పోర్షియా వేషం తీసేశాక వెళ్ళడానికి సొంత భవనం ఉంది. మధురవాణికి లేదు. గురజాడ చూపు పోర్షియా కథను దాటి పోయింది అక్కడే.

ఇక మన వాళ్ళ సంగతి. ఈ పత్రిక చదివేవాళ్ళకు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి గొప్పతనం నేను చెప్పనక్కరలేదు. స్వయంగా ప్లీడరు, విశాఖ కోర్టుల్లో పేదవాళ్ళ బతుకు ఎట్లా నలుగుతుందో ఆయన చూసినట్టు చూసిన రచయిత మరొకరు లేరు. ఆరు సారా కథల్లో 'మాయ' కథలోని ముత్యాలమ్మ బోనులోకి ఎక్కవలసిన ముద్దాయి. పోలీసులూ ప్లీడర్లూ కోర్టులూ డబ్బు చుట్టూ ఎలా తిరుగుతున్నాయో ఆమె ఆ కుర్ర ప్లీడరుకు విప్పి చెబుతుంటే, లా కాలేజీలో అతను నేర్చుకున్నదంతా పొట్టుగా తేలిపోతుంది. తెలుగు కథలో ఇంత తెలివైన న్యాయ విమర్శ మరొకటి లేదని నేను తరగతిలో కూడా చెబుతాను. అయినా ఒక మాట అనక తప్పదు. రావిశాస్త్రి గారి కోర్టులో స్త్రీ ముద్దాయిగా ఉంది, సాక్షిగా ఉంది, కోర్టు చుట్టూ తిరిగే నిర్భాగ్యురాలిగా ఉంది. నాకు గుర్తున్నంతలో నల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఒక్కతి తారసపడదు. చట్టం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన ముత్యాలమ్మకు, ఆ తెలివితోనే మరొకరి తరఫున మాట్లాడే వీలు ఆ ప్రపంచంలో లేదు.

ఆయన చూసిన కోర్టులో ఆడ ప్లీడర్లు కనిపించలేదు, కనిపించనిదాన్ని వాస్తవికవాది ఎలా రాస్తాడు అని మిత్రులు అడగొచ్చు. సమంజసమైన ప్రశ్నే. కాని బొత్తిగా లేరనడం చరిత్ర కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని అక్కడి బారులో ప్రాక్టీసు చేసింది. జైళ్ళలో స్త్రీ ఖైదీల బతుకు చూసి లా చదివిన మనిషి ఆమె. రాజ్యాంగసభలో కూర్చుంది. 1953లో చైనా వెళ్ళివచ్చి కుటుంబ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని పట్టుబట్టింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో గాని రాలేదు, అది వేరే సంగతి. 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు కె. అమరేశ్వరి గారు తొలి మహిళా న్యాయమూర్తిగా వచ్చారు. మనుషులున్నారు, కథల్లోకి రాలేదు.

వచ్చిన చోట ఎలా వచ్చారో కూడా చూడాలి. డి. కామేశ్వరి గారి నవల ఆధారంగా 1981లో 'న్యాయం కావాలి' సినిమా వచ్చింది. శారద వేసిన లాయరు పాత్రను చూసి ఆనాటి ఆడపిల్లలు లా కాలేజీ కలలు కన్నారంటే నేను నమ్ముతాను. ధాటిగా వాదించే స్త్రీని మన ప్రేక్షకులు చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. ఆ మేలు చిన్నది కాదు. కాని ఆ లాయరు, తన ఎదుటి పక్షాన నిలబడిన వకీలు చేతిలోనే ఒకప్పుడు మోసపోయిన మనిషి. ఆమె వాదనకు బలం సెక్షన్లలోంచి రాలేదు, గాయంలోంచి వచ్చింది. మగ లాయరు పాత్రకు ఒక డిగ్రీ, ఒక సీనియరు, నాలుగు పుస్తకాల బీరువాలు ఉంటే చాలు. ఆడ లాయరుకు మాత్రం గతం కావాలి, కన్నీళ్ళు కావాలి, తీర్చుకోవలసిన లెక్క ఒకటి కావాలి. పొట్టకూటికోసం, ఇష్టంకోసం, సివిలు సూట్లంటే సరదా గనక వకీలు అయిన స్త్రీ మన కల్పనకు ఇంకా అందలేదు. స్త్రీ పని చెయ్యాలంటే ఏదో అన్యాయం జరిగి ఉండాలన్న భావం పైకి అభ్యుదయంగా కనిపించే భూస్వామ్య భావమే.

ఇప్పుడు ఆ వ్యాకరణం అడిగిన పిల్ల సంగతి. జిల్లా కేంద్రంలో ఒక పేరున్న వకీలు దగ్గర జూనియరుగా చేరింది. మొదటి ఏడాది ఫీజు మాట దేవుడెరుగు, బస్సు ఖర్చులు కూడా ఇంటినుంచే. అది మగ జూనియర్లకూ ఉన్న కష్టమే; కాని వాళ్ళకు సాయంత్రం సీనియరు గారింటి ఆఫీసుగదిలో పది గంటలదాకా కూర్చునే వీలుంది. క్లయింట్లను తెచ్చే గుమాస్తాలతో టీ కొట్టుదగ్గర చనువుంది. కులపోళ్ళ పెళ్ళిళ్ళలో నలుగురు భూస్వాములతో పరిచయాలున్నాయి. కేసులు పుట్టేది అక్కడ. ఈమెకు వచ్చినవల్లా మనోవర్తి కేసులు, విడాకుల కేసులు. "ఆడవాళ్ళ బాధ ఆడవాళ్ళకే తెలుస్తుంది తల్లీ" అని సీనియరు ఎంతో దయగా ఇచ్చేవాడట. భూమి తగాదా కాగితాలు మాత్రం ఆమె బల్ల మీదికి రాలేదు. కోర్టు ఆవరణలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో రోజుకొకరిని అడగాలి. వాయిదా ఉన్న రోజు పొద్దుటినుంచి మంచినీళ్ళు తాగడం మానేశానని ఆమె చెప్పినప్పుడు, నేను చదివిన సాహిత్య సిద్ధాంతాల్లో దీనికి చోటెక్కడా అని వెతుక్కున్నాను.

ఇక్కడ వృత్తి ఆర్థిక పునాది గురించి ఒక మాట. న్యాయవాద వృత్తి మన దేశంలో ఆస్తిమీద బతికింది. జమీందారీ దావాలు, పంపకాల దావాలు, అప్పు నోట్లు – మున్సిఫు కోర్టునుంచి ప్రీవీ కౌన్సిలుదాకా వకీళ్ళ మేడలు లేచింది వీటిమీదే. ఆస్తి లేని స్త్రీ ఆ కోర్టులో కక్షిదారుగానే పూర్తి మనిషి కాదు. వకీలుగా ఎలా అవుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు 1985లో చట్టంలోకి వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2005లో. ఆ రెండు తేదీలకూ కోర్టుల్లో ఆడ ప్లీడర్లు పెరగడానికీ సంబంధం ఉందా అన్నది ఎవరైనా పరిశోధక విద్యార్థి పట్టించుకోదగిన విషయం. కట్నం పేరుతో వాటా చెల్లించామని ఇంట్లోనే రాజీనామా పత్రాలు రాయించుకునే దేశంలో, చట్టం పుస్తకంలో ఉండటమే చాలదన్నది మాత్రం ఊరివాళ్ళందరికీ తెలుసు.

ఆ పిల్ల మూడేళ్ళు భరించి, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చుంది. రెండోసారికి నెగ్గింది. "ఆ పేపరు మీద నా పేరుండదు కదా మాస్టారూ, నంబరే ఉంటుంది" అన్నది.

ఈ మాట ఎంత లోతైనదో అంకెలు చూస్తే తెలుస్తుంది. కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళి ప్రధాన న్యాయమూర్తి అయిన ఎన్.వి. రమణ గారు 2021 సెప్టెంబరులో ఈ అంకెలు బహిరంగంగా చెప్పారు. కింది కోర్టుల్లో స్త్రీ న్యాయాధికారులు సుమారు 30 శాతం, హైకోర్టుల్లో 11.5 శాతం. దేశంలోని 17 లక్షల న్యాయవాదుల్లో స్త్రీలు 15 శాతం. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళకు ఎన్నికైనవాళ్ళలో 2 శాతం. అఖిల భారత బార్ కౌన్సిల్లో ఆనాటికి ఒక్కరు కూడా లేరు. 6,000 ట్రయలు కోర్టుల్లో ఇంచుమించు 22 శాతం చోట్ల స్త్రీలకు మరుగుదొడ్లు లేవని కూడా ఆయనే అన్నారు. తాళంచెవి వెతుక్కున్న నా శిష్యురాలు ఒంటరిది కాదన్నమాట. కార్మికులకు మార్క్స్ ఇచ్చిన పిలుపును స్త్రీలకు తిప్పి చెప్పింది కూడా ఆయనే. ఆ కుర్చీలోంచి ఆ మాట వినడం మనలాంటివాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. కాని అంకెల్లోని తేడాను చూడండి. పేరు కనిపించని పరీక్ష పెట్టిన చోట 30, పెద్దలు కూర్చుని పరిచయస్తుల్లోంచి ఎంచుకునే చోట 11. ఇది ప్రతిభలో తేడా అయితే మెట్లు ఎక్కేకొద్దీ ప్రతిభ ఆవిరైపోతుందని ఒప్పుకోవాలి!

సుప్రీంకోర్టు 1977లో లీలా సేఠ్‌ను సీనియర్ అడ్వకేటుగా గుర్తించింది. ఆ గౌరవం పొందిన తొలి స్త్రీ ఆమె. రెండో స్త్రీ ఇందు మల్హోత్రా, 2007లో. మధ్యలో ముప్పై ఏళ్ళు. 2024 జనవరిలో ఒక్కసారే 56 మందికి ఆ హోదా ఇచ్చినప్పుడు అందులో 11 మంది స్త్రీలున్నారు గనక మార్పు లేదనను. సుప్రీంకోర్టు ధర్మాసనం మీద తొలి స్త్రీ ఫాతిమా బీవీ 1989 అక్టోబరులో వచ్చింది. మున్సిఫుగా మొదలై మెట్టు మెట్టూ ఎక్కి, హైకోర్టులో పదవీ విరమణ అయ్యాక గాని ఆ పిలుపు రాలేదు. అప్పటినుంచి 2025 వరకూ మొత్తం 11 మంది. 2021 ఆగస్టు 31న ముగ్గురు స్త్రీలు ఒకేరోజు ప్రమాణం చేస్తే పండగ చేసుకున్నాం. 2025 జూన్‌లో బేలా త్రివేది గారు పదవీ విరమణ చేశాక ఆ ధర్మాసనం మీద నాగరత్న గారొక్కరే మిగిలారు. వరస తప్పకపోతే 2027 సెప్టెంబరులో ఆమె తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అవుతారు, నెల రోజులకు కాస్త మించిన కాలానికి.

మరో ముచ్చట. 2025 మే 20న సుప్రీంకోర్టు, జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళు ప్రాక్టీసు చేసి ఉండాలన్న నిబంధనను మళ్ళీ తెచ్చింది. అనుభవం లేని జడ్జి ప్రమాదమే, కాదనను. అయితే ఫీజు రాని ఆ మూడేళ్ళను ఎవరు తట్టుకోగలరు? ఇంట్లో పొలమో జీతమో ఉన్నవాళ్ళు. కూలిపని చేసి కూతుర్ని లా చదివించిన దళిత తండ్రి, పెళ్ళి వాయిదా వేసి మూడేళ్ళు బస్సు ఖర్చు ఇవ్వగలడా? స్త్రీల ప్రశ్నను కులంనుంచీ కూటినుంచీ విడదీసి మాట్లాడేవాళ్ళకు ఈ మూడేళ్ళు కనిపించవు.

భాష దగ్గరికి మళ్ళీ వద్దాం, మన పని అదే గనక. 2020లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, అత్యాచారం తర్వాత అలిసి నిద్రపోయానని చెప్పడం భారత స్త్రీకి తగదన్న అర్థం వచ్చే మాట రాసింది. గోల లేచాక తొలగించింది. అదే ఏడాది మధ్యప్రదేశ్ హైకోర్టు, నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలని బెయిలుకు షరతు పెట్టింది. దాన్ని 2021 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ హయాంలో, తీర్పుల్లో వాడకూడని మాటల పుస్తకం ఒకటి వచ్చింది. పతివ్రత, పతిత, ఉద్యోగాల మనిషి వంటి అర్థాలిచ్చే ఇంగ్లీషు మాటలన్నిటికీ బదులు 'స్త్రీ' అని రాస్తే చాలునన్నది. నేను చదివిన ప్రభుత్వ గ్రంథాల్లో ఇంత మంచి విమర్శ గ్రంథం అరుదు. విశేషణాన్ని కొట్టేస్తే మనిషి మిగులుతుందన్న ఎరుక అందులో ఉంది. కాని ఆ పుస్తకం వచ్చిన ఏడాదే తయారైన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్‌లో, స్త్రీ 'బిడియానికి' భంగం కలిగించడమన్న పాత ఇంగ్లీషు మాట చెక్కుచెదరకుండా ఉంది. నిర్వచనాల్లో పుంలింగ సర్వనామం స్త్రీ పురుష ట్రాన్స్‌జెండర్ అందరికీ వర్తిస్తుందని కూడా రాసుకున్నారు. రెజీనా గుహ నాటి వాక్యమే, ఒక మాట పెరిగింది.

ఇంగ్లీషు సరే, మన తెలుగు? పత్రికల్లో 'మానభంగం' ఇంకా పూర్తిగా పోలేదు. భంగమయ్యేది ఎవరి మానం? నేరం చేసినవాడిది కదా కావాలి! 'చెరిచాడు', 'పాడు చేశాడు' అన్న మాటలు మన అభ్యుదయ కథల్లో కూడా పాత్ర నోట కాక రచయిత నోటనే వస్తున్నాయి. న్యాయవాది, న్యాయమూర్తి అనే మాటలకు లింగం లేదు. అది మన అదృష్టం. మనమే దానికి 'మహిళా' అని ముందు తగిలిస్తున్నాం. ఈ వ్యాసంలో నేను కూడా తగిలించాను, పాఠకులు గమనించే ఉంటారు.

స్త్రీ బల్లెక్కితే తీర్పు దానంతటదే మెత్తబడుతుందని నేను అనడం లేదు. 1937లో తిరువాన్కూరులో మున్సిఫు అయి, 1959లో కేరళ హైకోర్టుకు వచ్చిన అన్నా చాందీ, ఉరిశిక్షలో స్త్రీలకిచ్చిన మినహాయింపు కూడా వద్దని వాదించిన మనిషి. దయ అడగలేదు, సమానత్వం అడిగింది. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టినప్పుడు, 1979లో బహిరంగ లేఖ రాసిన నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకుల్లో లోతికా సర్కార్, వసుధా ధగంవార్ స్త్రీలు. ఉపేంద్ర బక్షి, రఘునాథ్ కేల్కర్ పురుషులు. 1983లో చట్టం మారడానికి కారణమైన ఆ లేఖ జాలితో రాసింది కాదు, తీర్పు వాక్యాలను ఒక్కొక్కటే పట్టి పరీక్షించి రాసింది. సాహిత్య విమర్శ చెయ్యదలచిన వాళ్ళకు నేను ఆ లేఖను పాఠ్యంగా సూచిస్తాను.

రచయిత మిత్రులకు కావలసిన సరుకు ఈ వ్యాసంలో కన్నా ఏ జిల్లా కోర్టులోనైనా ఎక్కువ దొరుకుతుంది. ఉదయం పదిన్నరకు బార్ రూములో కుర్చీ లేక వరండాలో నిలబడి వకాల్తా రాస్తున్న అమ్మాయి ఉంటుంది. 'పెద్ద ప్లీడరు గారు రాలేదా' అని ఆమెనే అడిగే కక్షిదారుంటాడు. పసిబిడ్డను అమ్మకు అప్పజెప్పి, అయిదుగంటల బస్సు అందుతుందో లేదో అని గడియారం చూసుకుంటూ క్రాస్ ఎగ్జామినేషన్ చేసే నడివయసు ప్లీడరు ఉంటుంది. ఆమె భూమి తగాదాలో గెలిచిన రోజు కథ రాయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ కొంచెం చదువుకోవాలి. రావిశాస్త్రి గారు చదివారు.